ప్రసవం ముందూ వెనుకా వచ్చే గుండె వైఫల్యం: ఏ దశలో ఏ చికిత్సను ఎంచుకోవాలి?

నెలలు నిండిన గర్భిణికి ఆయాసం వస్తే, కాళ్ళు వాస్తే, రాత్రి నిద్ర పట్టకపోతే అది మామూలేనని చుట్టూ ఉన్నవారు సర్దిచెప్పుకుంటారు. గర్భం చివరి రోజుల్లోనో, కాన్పయిన తర్వాతి నెలల్లోనో గుండె కండరం బలహీనపడి, రక్తాన్ని ముందుకు నెట్టే శక్తి పడిపోయే పెరిపార్టమ్ కార్డియోమయోపతి ఈ లక్షణాల చాటునే దాగి ఉంటుంది. వెల్లకిలా పడుకోగానే ఊపిరాడక రెండు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకోవలసి రావడం, నడిరాత్రి ఉలిక్కిపడి లేచి కూర్చుని గాలి కోసం ఆత్రపడటం, పడుకున్నప్పుడు ఎక్కువై కూర్చుంటే తగ్గే పొడి దగ్గు, కాన్పయ్యాక తగ్గవలసిన కాళ్ళవాపు తగ్గకపోగా పెరగడం దీనిని పట్టిచ్చే గుర్తులు. అలాంటప్పుడు గుండె మీద పడుతున్న ఒత్తిడిని పట్టిచ్చే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష, ఆ వెంటనే గుండె ఎకో చేయించాలి. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు గుండె బయటికి నెట్టే భాగం, 45 శాతం కంటే తక్కువగా ఉండి, మరే కారణమూ కనబడకపోతే ఈ జబ్బుగా నిర్ధారిస్తారు.

నిర్ధారణ అయిన క్షణం నుంచి కుటుంబం ముందు ఒకదాని వెంట ఒకటిగా ఎంపికలు వచ్చి పడతాయి. కాన్పు ఇప్పుడే చేయించాలా, ఆగాలా? బిడ్డకు పాలివ్వవచ్చా? బ్రోమోక్రిప్టిన్ అనే మందు వాడాలా? మందులు ఎన్నాళ్ళు? ఇంకో బిడ్డను కనవచ్చా? మోతాదులు నిర్ణయించేది వైద్యులే అయినా, ఈ ప్రశ్నల్లో కొన్నింటికి తల్లి ఇష్టమే తుది మాట. ఏది వైద్యం నిర్దేశించే విషయమో, ఏది ఆమె ఎంచుకోగల విషయమో విడదీసి చూపడానికే ఈ పోలిక.

## ముందుగా తేల్చుకోవలసిన అంశాలు

అన్నింటికంటే ముందు చూడవలసింది బిడ్డ ఇంకా కడుపులోనే ఉందా, పుట్టేసిందా అన్నది. గుండె వైఫల్యానికి వాడే ముఖ్యమైన మందుల్లో సగానికి పైగా కడుపులోని బిడ్డకు హాని చేసేవే కాబట్టి, ఈ ఒక్క ప్రశ్నతోనే మందుల జాబితా రెండుగా చీలిపోతుంది.

రెండవది, తల్లి పరిస్థితి ఈ గంటలో ఎలా ఉందన్నది. రక్తపోటు నిలకడగా ఉండి, ఆక్సిజన్ తగినంత అందుతూ, నీరు తీసే మందులకు మూత్రం బాగా వస్తూ ఉంటే ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది. చేతులు కాళ్ళు చల్లబడి, మూత్రం తగ్గి, రక్తపోటు పడిపోతుంటే అప్పుడు ఎంపికలు కుటుంబం చేతిలో ఉండవు, ఉండకూడదు కూడా.

మూడవది ఎకో రిపోర్టులోని రెండు అంకెలు. ఒకటి ఎజెక్షన్ ఫ్రాక్షన్, రెండవది ఒంటికంతటికీ రక్తాన్ని నెట్టే గుండె గది, అంటే ఎడమ జఠరిక, పూర్తిగా నిండినప్పటి వెడల్పు. రిపోర్టులో ఇది ఎల్‌వీఐడీడీ లేదా ఎల్‌వీఈడీడీ అన్న వరుసలో, మిల్లీమీటర్లలోనో సెంటీమీటర్లలోనో కనిపిస్తుంది. చాలామంది మొదటి అంకెనే అడిగి ఊరుకుంటారు గాని రెండవదీ అంతే విలువైనది. ఉత్తర అమెరికాలో 100 మంది స్త్రీలను ఏడాది పాటు గమనించి 2015లో ప్రచురించిన ఐప్యాక్ అధ్యయనంలో, మొదట్లోనే ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతానికి దిగువన, జఠరిక వెడల్పు 6 సెంటీమీటర్లు లేదా అంతకు మించి ఉన్నవారిలో ఒక్కరికీ గుండె పూర్తిగా కోలుకోలేదు. ఈ రెండు ప్రతికూలతలూ లేనివారిలో సుమారు 90 శాతం మంది కోలుకున్నారు. ఆ బృందం మొత్తం మీద చూస్తే ఏడాదికి 72 శాతం మంది ఎజెక్షన్ ఫ్రాక్షన్ 50 శాతానికి చేరింది లేదా దాటింది.

అయితే ఈ 72 శాతాన్ని అందరికీ వర్తింపజేయకూడదు. 49 దేశాలకు చెందిన 739 మంది వివరాలతో 2020లో వెలువడిన అంతర్జాతీయ రిజిస్ట్రీలో ఆరు నెలలకు కోలుకున్నవారు 46 శాతమే. 6 శాతం మంది ఆరు నెలల్లోపే మరణించారు. గడువులు వేరు, వైద్యం అందిన తీరు వేరు, జబ్బు పట్టుబడిన దశ వేరు కనుక ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. వాటిని కలిపి చదివితే తేలేదేమంటే, త్వరగా పట్టుబడి మందులు సరిగ్గా అందిన స్త్రీలలో ఎక్కువమంది కోలుకుంటారు, కాని ఆ కోలుకోవడానికి నెలలు పడుతుంది.

## మందులు: కడుపులో బిడ్డ ఉండగా, పుట్టిన తర్వాత

| మందు | గర్భంలో | పాలిచ్చే తల్లికి |
|---|---|---|
| ఫ్యూరోసెమైడ్ (నీరు తీసే మందు) | ఊపిరితిత్తుల్లో నీరు చేరితే వాడతారు. మోతాదు మించితే మావికి రక్తం తగ్గవచ్చు | వాడవచ్చు. ఎక్కువ మోతాదులో పాలు తగ్గవచ్చు |
| మెటోప్రొలాల్ (బీటా బ్లాకర్) | వాడవచ్చు; బిడ్డ ఎదుగుదలను స్కాన్లతో చూడాలి | వాడవచ్చు |
| హైడ్రలజిన్, నైట్రేట్ల జంట | ఎనలాప్రిల్ రకం మందుల బదులు ఇదే ఆధారం | వాడవచ్చు, కాని అవసరం తగ్గుతుంది |
| ఎనలాప్రిల్, కాప్టోప్రిల్ | వాడకూడదు | వాడవచ్చు |
| స్పైరోనోలాక్టోన్ | వాడకూడదు | వాడవచ్చు |
| సార్టాన్లు, సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ | వాడకూడదు | పాలలోకి చేరే తీరుపై సమాచారం తక్కువ. పాలివ్వని వారికి అనువు |
| డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ | వాడకూడదు | పాలు మానేసినవారికే |
| ఐవాబ్రాడిన్ | వాడకూడదు | వాడకూడదు |
| డిజాక్సిన్ | రక్తంలో స్థాయి చూసుకుంటూ వాడవచ్చు | వాడవచ్చు |

ఎనలాప్రిల్, సార్టాన్ వంటి మందులు కడుపులోని బిడ్డ మూత్రపిండాల ఎదుగుదలను దెబ్బతీస్తాయి. బిడ్డ మూత్రం తగ్గిపోయి ఉమ్మనీరు ఎండుతుంది. అందుకే గర్భంలో వాటి ఊసే ఉండదు. పుట్టిన మర్నాటి నుంచి అదే ఎనలాప్రిల్ తల్లికి మొదటి వరుస మందు అవుతుంది. పాలలోకి చేరే మోతాదు చాలా స్వల్పం కాబట్టి నెలలు నిండి పుట్టిన బిడ్డకు దానివల్ల ఇబ్బంది రాదు. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డ విషయంలో మాత్రం పిల్లల డాక్టరుతో మాట్లాడి, బిడ్డ బరువునూ మూత్రాన్నీ గమనిస్తూ మొదలుపెట్టాలి. బీటా బ్లాకర్లలో అటెనలాల్‌ను గర్భంలో తప్పిస్తారు, అది బిడ్డ బరువు పెరగనీయదు. మరో మాట: ఊపిరితిత్తుల్లో నీరు నిండి ఉన్న దశలో బీటా బ్లాకర్‌ను హడావుడిగా మొదలుపెట్టరు. ముందు నీరు తగ్గాలి, ఆ తర్వాత చిన్న మోతాదుతో మొదలై నెమ్మదిగా పెరగాలి. మందు ఆలస్యమైందని కుటుంబాలు కంగారుపడే సందర్భాల్లో చాలావరకు కారణం ఇదే.

ఈ పట్టికలో మూడవ నిలువు వరుసను తీరిగ్గా చదవమని కోరుతున్నాను. పాలు ఇవ్వాలంటే గుండె మందులు మానుకోవాలనీ, గుండె మందులు వేసుకోవాలంటే పాలు మానిపించాలనీ ఒక అపోహ బలంగా ఉంది. నిజానికి ఫ్యూరోసెమైడ్, మెటోప్రొలాల్, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ అన్న నాలుగు మందులతో, పాలిస్తూనే దాదాపు పూర్తి చికిత్స నడపవచ్చు. చేజారేవి సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్, గ్లిఫ్లోజిన్ల వంటి కొత్త మందులు మాత్రమే. గుండె కోలుకోని పరిస్థితి ఎదురైతే, పాలు మాన్పించిన తర్వాత వాటిని చేర్చవచ్చు. పాలివ్వడం కోసం ఎనలాప్రిల్‌ను పక్కన పెట్టి, గర్భంలో వాడిన హైడ్రలజిన్‌నే నెలల తరబడి కొనసాగించడం వంటి రాజీలు అటు గుండెకూ మేలు చేయవు, ఇటు బిడ్డకూ అదనంగా ఒరిగేదేమీ ఉండదు.

## కాన్పు ఎప్పుడు, ఎలా?

గుండె వైఫల్యం ఉందనగానే వెంటనే సిజేరియన్ చేసి బిడ్డను తీసేయాలని చాలామంది అనుకుంటారు. తల్లి నిలకడగా ఉండి, మందులకు స్పందిస్తుంటే అలా తొందరపడనక్కర లేదు. వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తుతో నొప్పిని తగ్గించి, చివరి దశలో తల్లి గట్టిగా ముక్కవలసిన అవసరం లేకుండా వాక్యూమ్‌తోనో ఫోర్సెప్స్‌తోనో సాయం చేస్తూ సహజ కాన్పు చేయించడమే అప్పుడు మేలు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టే ప్రమాదం అన్నీ ఆపరేషన్‌లో ఎక్కువ. మందులు ఇస్తున్నా రక్తపోటు నిలవకపోయినా, శ్వాసకు యంత్రం అవసరమైనా, నెలలతో నిమిత్తం లేకుండా బిడ్డను బయటికి తీయవలసి వస్తుంది. అప్పుడు సిజేరియనే దారి. నెలలు చాలని బిడ్డకు ఊపిరితిత్తులు పరిపక్వం కావడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చేపాటి సమయం దొరికితే మంచిదే, కాని దానికోసం తల్లిని ప్రమాదంలోకి నెట్టరు.

రెండు పద్ధతుల్లోనూ అసలు గండం కాన్పు తర్వాత మొదటి 48 గంటలు. కుంచించుకుపోయే గర్భాశయం నుంచి రక్తం ఒక్కసారిగా ఒంట్లోకి తిరిగి చేరుతుంది, కాళ్ళలో నిలిచిన నీరూ రక్తనాళాల్లోకి వస్తుంది. బలహీనపడిన గుండె ఆ బరువు మోయలేక ఊపిరితిత్తుల్లో నీరు నింపవచ్చు. అందుకే ఆ రెండు రోజులు తల్లి ఐసీయూలోనో, ఆ స్థాయి పర్యవేక్షణ ఉన్న వార్డులోనో ఉండాలి. రక్తస్రావం ఆపడానికి ఆక్సిటోసిన్‌ను నెమ్మదిగా డ్రిప్ రూపంలో ఇవ్వవచ్చు. రక్తనాళాలను బిగించే ఎర్గోమెట్రిన్‌ను మాత్రం ఇవ్వకూడదు. కాన్పుకు ముందే ఈ విషయం కేస్ షీట్ మీద స్పష్టంగా రాయించుకోవడం మంచిది, ఎందుకంటే లేబర్ రూములో ఆ మందు అలవాటుగా ఇచ్చేవారు ఉంటారు.

## బ్రోమోక్రిప్టిన్‌తో పాలు ఆపడమా, మామూలు మందులతో పాలివ్వడమా?

అన్ని ఎంపికల్లోకీ తల్లి మనసును ఎక్కువగా నలిపేది ఇదే.

బ్రోమోక్రిప్టిన్ పాత మందు. పాలు పడటానికి కారణమైన ప్రొలాక్టిన్ హార్మోన్‌ను అది ఆపుతుంది. గుండె జబ్బులో దానికి చోటు దొరకడం వెనుక ఒక ప్రయోగశాల కథ ఉంది. ఒత్తిడికి గురైన గుండె కణాల్లో కాథెప్సిన్ డి అనే ఎంజైమ్ ప్రొలాక్టిన్‌ను కోసి 16 కిలోడాల్టన్ల ముక్కగా మారుస్తుందనీ, ఆ ముక్క గుండెలోని సన్నని రక్తనాళాలను నాశనం చేస్తుందనీ 2007లో ఎలుకలపై చేసిన పరిశోధన చూపింది. ప్రొలాక్టిన్‌నే ఆపేస్తే ఆ ముక్క పుట్టదు కదా అన్న ఆలోచనతో దక్షిణాఫ్రికాలో 20 మంది స్త్రీలతో చిన్న ప్రయోగం జరిగి 2010లో ఫలితాలు వచ్చాయి. మందు వాడిన పదిమందిలో సగటు ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఆరు నెలల్లో 27 శాతం నుంచి 58 శాతానికి పెరిగితే, వాడని పదిమందిలో 27 నుంచి 36 శాతానికే చేరింది. వాడినవారిలో ఒకరు, వాడనివారిలో నలుగురు మరణించారు.

చూడటానికి ఇది తిరుగులేని ఫలితంలా ఉంటుంది. ఇరవై మందితో చేసిన ప్రయోగంలో ఇద్దరు ముగ్గురి ఫలితాలు మారినా లెక్క తారుమారవుతుందన్నది మరిచిపోకూడదు. జర్మనీలో 63 మందితో చేసి 2017లో ప్రచురించిన ప్రయోగం వారం రోజుల వాడకాన్ని ఎనిమిది వారాల వాడకంతో పోల్చింది. పూర్తిగా కోలుకున్నవారు మొదటి బృందంలో 52 శాతం, రెండవదానిలో 68 శాతం, మరణాలు ఏ బృందంలోనూ లేవు. కాని మందు అసలు ఇవ్వని బృందం ఆ ప్రయోగంలో లేనేలేదు, కాబట్టి మేలు బ్రోమోక్రిప్టిన్‌దా, జాగ్రత్తగా నడిపిన మామూలు చికిత్సదా అన్నది దానితో తేలలేదు. పైన చెప్పిన ఐప్యాక్ అధ్యయనంలో దాదాపు ఎవరూ బ్రోమోక్రిప్టిన్ వాడకుండానే 72 శాతం మంది కోలుకున్నారని గుర్తుంచుకుంటే సందేహం ఇంకా బలపడుతుంది. అదే బృందంలో పాలిచ్చిన తల్లుల గుండె, పాలివ్వని వారి గుండె కంటే వెనకబడలేదు. ఇక్కడా ఒక మెలిక ఉంది: పాలివ్వగలిగినవారు మొదటినుంచీ కొంత ఆరోగ్యంగా ఉన్నవారై ఉండవచ్చు. ఐరోపా గుండె వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాలు ఈ మందును వాడటం గురించి ఆలోచించవచ్చని మాత్రమే, బలహీనమైన సిఫారసు స్థాయిలో చెప్పాయి; అమెరికా వైద్యులు ఎక్కువమంది దీన్ని ఇంకా ప్రయోగాత్మకంగానే చూస్తున్నారు, అక్కడ ఉత్తుత్తి మాత్రతో పోల్చే రీబర్త్ అనే పెద్ద ప్రయోగాన్ని చేపట్టారు.

మందు వల్ల వచ్చే నష్టాలనూ తక్కెడలో వేయాలి. బాలింతల్లో పాలు ఆపడానికి దీన్ని వాడిన రోజుల్లో అధిక రక్తపోటు, మూర్ఛ, పక్షవాతం, గుండెపోటు కేసులు నమోదవడంతో 1990ల మధ్యలో అమెరికాలో ఆ వాడకాన్ని ఉపసంహరించారు. ఈ గుండె జబ్బు వచ్చినవారిలో చాలామందికి గర్భంలో బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా కూడా వచ్చి ఉంటుంది కాబట్టి ఇది పక్కన పెట్టగల విషయం కాదు. రక్తపోటు అదుపులోకి రాకుండా ఈ మందు మొదలుపెట్టకూడదు. గతంలో తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికీ ఇది తగదు. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నందున కనీసం నివారణ మోతాదులో హెపారిన్ లేకుండా బ్రోమోక్రిప్టిన్ ఇవ్వకూడదన్నది మార్గదర్శకాల గట్టి మాట.

మార్గదర్శకాల్లో ఉన్న మోతాదు రెండు రకాలు. తీవ్రత తక్కువైతే రోజుకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున కనీసం వారం. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 25 శాతానికి దిగువన ఉన్నా, గుండె షాక్‌లోకి వెళ్ళినా (అంటే ఒంటికి చాలినంత రక్తం అందించలేక రక్తపోటు పడిపోయినా) రోజుకు రెండుసార్లు 2.5 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలు, ఆపై రోజుకు ఒకసారి ఆరు వారాలు. వారం కోర్సే కదా, తర్వాత పాలు మళ్ళీ మొదలుపెట్టవచ్చు అనుకుని ఒప్పుకునే తల్లులు ఉంటారు. మొదటి వారంలోనే పాలు ఆగిపోయాక, రొమ్ములు ఒకసారి గట్టిపడి, ఆపై మెత్తబడి పాలు ఇగిరిపోయాక, వాటిని తిరిగి రప్పించడం చాలా కష్టం. కాబట్టి వారం కోర్సుకు ఒప్పుకోవడమంటే పాలివ్వడాన్ని వదులుకోవడమేనని అనుకుని నిర్ణయించుకోవడం మంచిది. పొడిపాలు కలపడానికి శుభ్రమైన నీరు, సరిపడా డబ్బు ఇంట్లో నమ్మకంగా లేకపోతే బిడ్డకు వచ్చే నష్టం పుస్తకాల్లో కనిపించేదానికంటే చాలా పెద్దది.

ఇంతా చూశాక నా అభిప్రాయం ఇలా ఉంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతం పైన ఉండి, తల్లి నిలకడగా ఉండి, పాలివ్వాలని కోరుకుంటుంటే బ్రోమోక్రిప్టిన్ జోలికి పోకుండా మామూలు మందులతో ముందుకు వెళ్ళడం సమంజసం. 25 శాతానికి దిగువన ఉన్నవారు, షాక్‌లో ఉన్నవారు ఎలాగూ ఐసీయూలో ఉంటారు, బిడ్డ వేరేచోట ఉంటుంది, పాలు పిండడం కూడా ఒంటికి భారమే. అక్కడ రక్తపోటు అదుపులో ఉండి, హెపారిన్ ఇస్తున్నప్పుడు ఈ మందును ప్రయత్నించడంలో తర్కం ఉంది. ఈ రెండింటి నడుమ ఉన్నవారి విషయంలో నిజాయితీగా చెప్పాలంటే ఆధారాలు ఏ వైపూ మొగ్గవు, నిర్ణయం తల్లిదే. ఆమె ఏది ఎంచుకున్నా తప్పు కాదని కుటుంబం ముందే ఒప్పుకోవాలి. ప్రొలాక్టిన్‌ను ఆపడమే పాలు మానడానికి కారణమైతే కాబెర్గోలిన్ మాత్ర కూడా ఉంది. వాడకం సులభం, కాని ఈ జబ్బులో దానికున్న ఆధారాలు ఇంకా పలచన.

## రక్తం గడ్డకట్టకుండా: ఇంజెక్షనా, మాత్రా?

గర్భం, బాలింతతనం రెండూ రక్తాన్ని చిక్కబరిచే దశలు. దానికి బలహీనమైన గుండె తోడైతే జఠరికలో రక్తం నిలిచి గడ్డకట్టి, మెదడుకో ఊపిరితిత్తులకో చేరవచ్చు. పై రిజిస్ట్రీలో 7 శాతం మందికి ఇలా జరిగింది. అందువల్ల ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఒక హద్దు దిగితే రక్తం పలచన చేసే మందు ఇస్తారు. ఆ హద్దును కొందరు 30 శాతంగా, కొందరు 35 శాతంగా పెట్టుకున్నారు. ఆ రెండింటి మధ్యలో ఉన్నవారు తమ డాక్టరును సూటిగా అడగడంలో తప్పులేదు.

కాన్పుకు ముందు హెపారిన్ రకం ఇంజెక్షన్లే దారి, అవి మావిని దాటవు. కాన్పయ్యాక రెండు దారులుంటాయి. ఇంజెక్షన్ కొనసాగిస్తే రక్తపరీక్షల తిప్పలు తక్కువ, కాని రోజూ పొట్ట చర్మంలో సూది గుచ్చుకోవాలి. వార్ఫరిన్ మాత్రకు మారితే సూది తప్పుతుంది, పాలివ్వడానికీ అడ్డంకి లేదు, కాని రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచుగా చేయించుకుని 2కీ 3కీ మధ్య నిలబెట్టాలి. పరీక్ష కేంద్రం దూరంగా ఉన్నవారికి మొదటి కొన్ని వారాలు ఇంజెక్షనే నయం. అపిక్సబాన్, రివరాక్సబాన్ వంటి కొత్త మాత్రలు పాలిచ్చే తల్లులకు సాధారణంగా సూచించరు.

## పరిస్థితి విషమిస్తే

ఇక్కడ కుటుంబం ఎంచుకోవలసింది మందును కాదు, ఆసుపత్రిని. గుండెకు తాత్కాలికంగా సాయపడే ఇంపెల్లా, ఎక్మో వంటి యంత్రాలు, గుండె మార్పిడి విభాగం ఉన్నచోటికి తల్లిని త్వరగా తరలించడంపైనే ఫలితం ఆధారపడుతుంది. అన్ని మందులూ వాడి చూశాక తరలిద్దాం అనుకుంటే సమయం మించిపోతుంది. డోబుటమిన్ వంటి మందులు గుండెను బలవంతంగా పరిగెత్తించి, ఈ జబ్బులో హాని చేయవచ్చని కొందరు నిపుణులు అనుమానిస్తారు. లెవోసిమెండాన్ దానికి ప్రత్యామ్నాయమైనా, అది మెరుగని నిరూపించే బలమైన ఆధారం లేదు.

హఠాత్తుగా గుండె లయ తప్పే ప్రమాదానికి, షాక్ ఇచ్చి లయను సరిచేసే ఐసీడీ యంత్రాన్ని ఛాతీలో అమర్చమని తొలి వారాల్లోనే ఎవరైనా సూచిస్తే రెండవ అభిప్రాయం తీసుకోండి. ఈ జబ్బులో గుండె ఆరు నెలల్లో గణనీయంగా కోలుకునే అవకాశం ఉంది, అప్పుడు శాశ్వత యంత్రం అనవసరమైపోతుంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతం లోపు ఉన్నవారికి అంతవరకు అదే పని చేసే, చొక్కాలా తొడుక్కునే డీఫిబ్రిలేటర్ ఒక మధ్యేమార్గం. బరువుగా ఉండి, చంటిబిడ్డను ఎత్తుకోవడానికి ఇబ్బంది పెట్టినా, కత్తి పెట్టించుకునే పని తప్పుతుంది.

## మందులు ఎన్నాళ్ళు?

గుండె కోలుకోకపోతే ఈ ప్రశ్నే లేదు, మందులు కొనసాగాలి. కోలుకున్నవారిలో అభిప్రాయాలు చీలి ఉన్నాయి. ఒక వర్గం ఎజెక్షన్ ఫ్రాక్షన్ పూర్తిగా మామూలై కనీసం ఏడాది గడిచాక, ఒక్కో మందునూ ఎకోలు చూసుకుంటూ తగ్గించమంటుంది. మరో వర్గం, ఆపాక జబ్బు తిరగబెట్టిన సందర్భాలను చూపి బీటా బ్లాకర్‌ను, ఎనలాప్రిల్‌ను ఏళ్ళ తరబడి ఉంచమంటుంది. రక్తసంబంధీకుల్లో గుండె కండరం జబ్బో, చిన్న వయసులో హఠాన్మరణమో ఉన్నవారు రెండవ దారి పట్టడం మేలని నాకనిపిస్తుంది. 172 మంది స్త్రీలను పరీక్షించి 2016లో ప్రచురించిన జన్యు పరిశోధనలో సుమారు 15 శాతం మందిలో గుండె కండరాన్ని బలహీనపరిచే జన్యు లోపాలు కనిపించాయి, వాటిలో ఎక్కువ టైటిన్ జన్యువుకు చెందినవి. అలాంటివారికి ప్రసవం జబ్బును బయటపెట్టిన సందర్భమే తప్ప దానికి మూలం కాదు. వారి అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు కూడా ఒకసారి ఎకో తీయించడం మంచిది.

## మళ్ళీ గర్భం దాల్చవచ్చా?

44 మంది స్త్రీల 60 గర్భాలను పరిశీలించి 2001లో వెలువడిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ ఆధారంగా నిలిచింది. మళ్ళీ గర్భం దాల్చే ముందే గుండె కోలుకున్నవారిలో 21 శాతం మందికి గుండె వైఫల్యం లక్షణాలు తిరిగివచ్చాయి, మరణాలు లేవు. గుండె బలహీనంగానే ఉన్నవారిలో 44 శాతం మందికి లక్షణాలు వచ్చాయి, 19 శాతం మంది మరణించారు. రెండవ గుంపులో ఉన్నవారికి మళ్ళీ గర్భం వద్దనే వైద్యులు గట్టిగా చెబుతారు. మొదటి గుంపువారికి నిషేధం లేకపోయినా, ప్రమాదం సున్నా కాదు.

గర్భం రాకుండా చూసుకోవడానికి ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు ఈ స్త్రీలకు పనికిరావు, అవి రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతాయి. కాపర్-టీ, హార్మోన్ లూప్, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ ఈ మూడూ సురక్షితమే. రక్తం పలచన చేసే మందులు వాడుతూ నెలసరి రక్తస్రావం ఎక్కువైనవారికి కాపర్-టీ కంటే హార్మోన్ లూప్ అనువు. ఇక పిల్లలు వద్దనుకున్నవారు భర్తకు వేసెక్టమీ చేయించడం గురించి ఆలోచించాలి. బలహీనమైన గుండెతో మత్తు తీసుకుని ఆపరేషన్ చేయించుకునే శ్రమ దానివల్ల తల్లికి తప్పుతుంది.

కోలుకుని, మరో బిడ్డ కావాలని నిశ్చయించుకున్నవారు గర్భం కోసం ప్రయత్నించే ముందే ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులను వైద్యుల పర్యవేక్షణలో ఆపి, సుమారు మూడు నెలల తర్వాత ఎకో చేయించాలి. మందులు లేకుండా కూడా గుండె నిలబడిందని తేలితేనే ముందుకు వెళ్ళాలి, బీటా బ్లాకర్ గర్భంలోనూ కొనసాగవచ్చు. గర్భం నిలిచాక మొదటి, రెండవ త్రైమాసికాల్లో ఒక్కో ఎకో, చివరి నెలల్లో మరింత తరచుగా, కాన్పయ్యాక ఇంటికి వెళ్ళేలోపు ఒకటి, ఆ తర్వాత నెల రోజులకు మరొకటి తీయించాలి. వీటిలో ఎందులోనైనా ఎజెక్షన్ ఫ్రాక్షన్ తగ్గడం మొదలైతే, లక్షణాలు కనబడేదాకా ఆగకుండా ఆ రోజే గుండె వైద్యుణ్ణి కలవాలి.